స్టీమా, వీగేమా? చైనాలో గేమ్ కొనేవాడికి ఏది మేలు?

చైనాలో పీసీ గేమ్ కొనేవాడికి ముఖ్యంగా రెండు ఆన్‌లైన్ కొట్లు. ఒకటి అమెరికా కంపెనీ వాల్వ్ 2003లో మొదలుపెట్టిన స్టీమ్, రెండోది చైనా కంపెనీ టెన్సెంట్ వాళ్ళ వీగేమ్ (2017 దాకా దాని పేరు టీజీపీ). డబ్బు కట్టడంలో ఇబ్బంది ఎక్కడా లేదు, మనకి స్టీమ్‌లో రూపాయల్లో ధర, యూపీఐ ఉన్నట్టే వాళ్ళకి యువాన్లలో ధర, అలీపే, వీచాట్ పే. అసలు తేడా కొన్న తర్వాత తెలుస్తుంది.

మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ సంగతే చూడండి. 2018 ఆగస్టు 8న వీగేమ్‌లో వచ్చింది, 13న అమ్మకం ఆపేశారు. ఐదే ఐదు రోజులు! ఫిర్యాదులు వచ్చాయి, కొంత కంటెంట్ నిబంధనలకి సరిపోలేదు, అనుమతి రద్దు. టెన్సెంట్ డబ్బు వాపసు ఇచ్చింది, అది ఒప్పుకోవాలి. కానీ అదే గేమ్ స్టీమ్‌లో శుభ్రంగా దొరుకుతూనే ఉంది. ఎందుకంటే వీగేమ్‌లో పెట్టాలంటే ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ నంబరు కావాలి (ఆ ఏడాది నెలల తరబడి కొత్త నంబర్లే ఇవ్వలేదు), స్టీమ్ అసలు సైటుకి ఆ గొడవ లేదు, అధికారికంగా అవుననీ కాదనీ అనకుండా నడుస్తోంది.

అలాగని స్టీమ్ హాయిగా ఉంటుందనుకోకండి. 2017 చివరి నుంచి దాని కమ్యూనిటీ పేజీలు (ఆడేవాళ్ళు మాట్లాడుకునే చోటు) అక్కడ తెరుచుకోవు, నొక్కితే తెల్లటి పేజీ మీద మైనస్ 118 అని ఎర్రర్ వస్తుంది. అందుకే చాలామంది ముందు జ్యాసుచి, అంటే నెట్ దారి మార్చి వేగం పెంచే యాక్సిలరేటర్ సాఫ్ట్‌వేర్, ఆన్ చేసి తర్వాతే స్టీమ్ తెరుస్తారు, దానికి వేరే చందా. పోనీ అని 2021 ఫిబ్రవరిలో పర్ఫెక్ట్ వరల్డ్ అనే చైనా గేమ్ కంపెనీతో కలిసి వాల్వ్ స్టీమ్ చైనా అని లైసెన్స్ ఉన్న కొట్టు తెరిస్తే మొదట్లో ఉన్నవి యాభై చిల్లర గేమ్‌లు. సూపర్ మార్కెట్ పక్కన పాన్ డబ్బా పెట్టినట్టు!

2024 ఆగస్టులో చైనాలోనే తయారైన గేమ్ బ్లాక్ మిత్ వుకాంగ్ స్టీమ్, వీగేమ్ రెండు చోట్లా 268 యువాన్లకే వచ్చింది. అయినా స్టీమ్‌లో ఒకేసారి 24 లక్షల మంది ఆడారు, అందులో ఎక్కువమంది చైనా వాళ్ళే. పాత గేమ్‌లన్నీ అక్కడే ఉంటే కొత్తది ఇంకో చోట ఎందుకు కొంటారు?

గేమ్ తయారుచేసేవాళ్ళ లెక్క వేరు. స్టీమ్ అమ్మకంలో మామూలుగా 30 శాతం తీసుకుంటుంది, ఎపిక్ అనే ఇంకో అమెరికా కొట్టు 12 (ఎపిక్‌లో టెన్సెంట్‌కే పెద్ద వాటా ఉంది, ఇక ఎవరికి ఎవరితో పోటీయో మీరే చెప్పండి). ఫోన్ గేమ్‌లకైతే చైనాలో గూగుల్ ప్లే లేదు, హువావే, షావోమీ లాంటి వాళ్ళ స్టోర్లు సగానికి సగం పట్టుకునేవి. ట్యాప్‌ట్యాప్ అనే ఇంకో గేమ్ స్టోర్ ఏమో కమిషనే లేదంది. 2020లో గెన్షిన్ ఇంపాక్ట్ అనే చైనా గేమ్ హువావే, షావోమీ స్టోర్లని వదిలేసి ట్యాప్‌ట్యాప్‌లో, వీడియో సైటు బిలిబిలిలో, సొంత సైట్లో వచ్చిందంటే ఊరికే కాదు.

నేను షాంఘైలో ఉంటే రెండూ పెట్టుకుంటాను. నెట్‌లో జట్లుగా ఆడే లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి వీగేమ్, దాని సర్వర్లు ఎలాగూ అక్కడే. డబ్బు పోసి కొని ఒక్కడినే ఆడుకునే గేమ్‌లన్నీ స్టీమ్‌లో, యాక్సిలరేటర్ చందా కూడా లెక్కలో వేసుకుని.