పొందూరు ఖాదీ దుకాణం: పంచె దొరికింది, జెండా దొరకలేదు

పంద్రాగస్టుకు మా బడిలో ఎగరేయడానికి ఖాదీ జెండా కోసం శ్రీకాకుళం నుంచి పొందూరు వెళ్లాను. లేదన్నారు. ప్రమాణ ముద్ర ఉన్న ఖాదీ జెండాలు కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో తయారవుతాయి, ముందే చెబితే తెప్పిస్తామన్నారు. ఇంత పేరున్న ఊళ్లో, అదీ పండగ ముందు రోజున, నాలుగు జెండాలైనా ఉంచుకోకపోతే ఎలా?

తప్పంతా వారిదే అనలేను. 2021 డిసెంబరు 30న జెండా నియమావళిని సవరించి, యంత్రంపై తయారైన పాలిస్టర్ జెండాలకూ అనుమతి ఇచ్చారు. అవి బస్టాండు దగ్గర చవకగా దొరుకుతుంటే ఖాదీ జోలికి ఎవరు వస్తారు? ఇంటింటా జెండా ఎగరాలంటే చవక గుడ్డ తప్పదని మా ప్రధానోపాధ్యాయుడి వాదన. అందులో న్యాయం ఉంది. అయినా రాట్నం తిప్పి చేసిన పోరాటాన్ని పాలిస్టర్‌తో తలుచుకోవడం నాకు మింగుడుపడదు.

పంచె మాత్రం అద్భుతం. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. ఒంటిమీద బరువే తెలియదు. ధర ఎక్కువే, బేరం కుదరదు. రసీదు చేత్తో రాస్తారు, కాస్త ఓపిక పట్టాలి. జాతీయ సెలవు రోజున దుకాణం మూసేస్తారు. తగ్గింపు కావాలంటే గాంధీ జయంతి దాకా ఆగండి.