కుకీలు చెరిపేయాలా, ఇన్‌కాగ్నిటోలో చూడాలా, థర్డ్ పార్టీని ఆపాలా: ఏది మేలు?

విజయవాడ బెసెంట్ రోడ్డుకు బయల్దేరే ముందు ఫోన్‌లో ఒక చీర ధర చూస్తే, ఆ తర్వాత వార్తలు చదువుతున్నా, వంటల సైట్ తెరిచినా అదే చీర వెంటపడుతుంది. ఇది ఎక్కువగా థర్డ్ పార్టీ కుకీల పని. మనం తెరిచిన సైట్ కాకుండా, అందులో యాడ్ పెట్టిన మరో కంపెనీ మన బ్రౌజర్‌లో వదిలే గుర్తు అది. ఆ కంపెనీ యాడ్లు ఎన్ని సైట్లలో ఉంటే అన్నిచోట్లా మనల్ని గుర్తుపడుతుంది.

చాలామంది చెప్పే మందు "కుకీలన్నీ క్లియర్ చెయ్యి" అని. నాకు ఇది అంతగా నచ్చదు. మెయిల్ నుంచి కరెంటు బిల్లు దాకా అన్నింట్లోంచీ లాగౌట్ అవుతాం. మళ్లీ పాస్‌వర్డులు, ఓటీపీలు. ఇంత అవస్థ పడ్డాక, యాడ్లున్న సైట్ తెరవగానే కొత్త కుకీ వచ్చి కూర్చుంటుంది.

ఇన్‌కాగ్నిటో అంటే, మూసేయగానే హిస్టరీ, కుకీలు మిగలకుండా పోయే బ్రౌజర్ విండో. దాని సంగతి వేరు. గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కు వెళ్లి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మెయిల్ తెరిచే ముందే ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, పని అయ్యాక ఆ విండోలన్నీ మూసేయండి. ఒక్కటి తెరిచి ఉన్నా లాగిన్ అలాగే ఉంటుంది. అన్నీ మూస్తే కుకీలు, హిస్టరీ పోతాయి. పోనిది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ర్యాంక్ కార్డు పీడీఎఫ్, మెయిల్‌లోంచి దించుకున్న ఆధార్ కాపీ అక్కడే ఉండిపోతాయి. ప్రింట్ తీసుకున్నాక వాటిని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు కదా.

అలాగని ఇన్‌కాగ్నిటోలో ఎవరికీ కనపడం అనుకోకూడదు. ఏ సైట్లకు వెళ్లామో నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. ఈ మోడ్‌లో కూడా డేటా సేకరించారని 2020లో అమెరికాలో గూగుల్‌పై దావా పడింది. 2024లో రాజీలో భాగంగా ఆ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

సొంత ఫోన్‌కు, ఇంట్లో కంప్యూటర్‌కు నా ఓటు థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేయడానికే. ఒక్కసారి పెట్టుకుంటే చాలు, లాగిన్లు పోవు. ఆపిల్ వాళ్ల సఫారీ బ్రౌజర్ 2020 నుంచి వాటిని తనంతట తానే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్‌లో పడ్డ కుకీని ఆ సైట్‌కే పరిమితం చేస్తోంది. క్రోమ్ మాత్రం తీసేస్తామని 2020లో ప్రకటించి, 2024లో వెనక్కి తగ్గింది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీస్ దగ్గరకు వెళ్లి బ్లాక్ ఎంచుకోవాల్సిందే. ఎక్కడైనా పేమెంట్ పేజీ మొరాయిస్తే, అక్కడే ఆ ఒక్క సైట్‌కు అనుమతి ఇవ్వొచ్చు.

గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి వెతికినవి మాత్రం ఈ బ్లాక్‌కు అందవు. వాటికోసం అకౌంట్‌లో మై యాక్టివిటీ తెరిచి ఆటో డిలీట్ పెట్టుకోవాలి. 3, 18, 36 నెలలని మూడు గడువులు చూపిస్తుంది. 3 నెలలే ఎంచుకోండి.