ఆఖర్న వచ్చిన ఆరంభం
‘ఫైర్‌ఫ్లై’ అనే అమెరికన్ అంతరిక్ష టీవీ ధారావాహికకు నాందిగా తీసిన రెండు గంటల ‘సెరెనిటీ’ని ఫాక్స్ ఛానల్ పక్కన పెట్టి, 2002 సెప్టెంబరు 20న వేరే భాగంతో ప్రసారం మొదలుపెట్టి, దీన్ని డిసెంబరు 20న చూపించడం నా దృష్టిలో శుద్ధ అవివేకం; యుద్ధంలో ఓడిన సార్జెంటు మాల్, ఆరేళ్ల తరువాత దొంగసరుకు మోసే అంతరిక్ష ఓడకు కెప్టెన్‌గా ఎలా మిగిలాడో ఇందులోనే తెలుస్తుంది. ప్రయాణికులు ఒక్కొక్కరుగా ఓడ ఎక్కే ఘట్టం కొంత సాగదీసినట్టున్నా, బాడుగలో భాగంగా బుక్ అనే మతబోధకుడు ఇచ్చిన స్ట్రాబెర్రీని ఓడ మెకానిక్ కేలీ మైమరచి కొరికే ఆ ఒక్క క్షణం, సరిహద్దు గ్రహాల్లో తాజా పండు ఎంత అపురూపమో మాటల్లేకుండా చెప్పేస్తుంది. అంతరిక్షంలో ఓడల చప్పుడు వినిపించనీయకపోవడం (శాస్త్రం చదివినవారు మురిసిపోతారు) గుర్రాలూ తుపాకులూ ఉన్న కథకు వింత గాంభీర్యాన్నిచ్చింది. బందీని పట్టుకుని బెదిరిస్తున్న ప్రభుత్వ గూఢచారి డాబ్సన్‌ను మాల్ నడక ఆపకుండానే కాల్చేసేటప్పుడు ఆ పాత్రధారి నాథన్ ఫిలియన్ ముఖంలో కోపం కంటే విసుగే ఎక్కువగా కనిపిస్తుంది.