బోన్సాయ్ కుండీకి చెరువు మట్టి మేలా, స్టోన్‌వేర్ మేలా?

బోన్సాయ్ పెంచేవాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు కుండీ కూడా మనమే చేసుకుంటే బాగుండుననిపిస్తుంది. మంచి కుండీ కొనబోతే ఒక్కోసారి దాని ధర చెట్టు ధరను దాటిపోతుంది. చవక వాటిలో మనకు కావలసిన కొలత దొరకదు. తీరా చేయడానికి కూర్చున్నాక అందరూ ముందు అడిగేది గ్లేజు, అంటే కాలాక గాజులా మారే పూత, రంగు గురించి. నా మటుకు నాకు అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఏ మట్టి వాడుతున్నాం, దాన్ని ఎంత వేడిలో కాలుస్తున్నాం అన్నవి తేలాకే పూత మాట ఎత్తాలి. ఆ రెండూ కుదరని కుండీని ఏ గ్లేజూ కాపాడలేదు.

మనకు ఉన్న దారులు ప్రధానంగా మూడు. చెరువు మట్టితో చేసి కుమ్మరి ఆవంలో కాల్పించుకోవడం ఒకటి. ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి కొని, కరెంటు బట్టీలో సుమారు 1220 డిగ్రీల దాకా కాల్చడం రెండోది. అలాంటి మట్టినే గ్యాస్ బట్టీలోనో కట్టెల బట్టీలోనో 1280 దాటించడం మూడోది.

చెరువు మట్టి చవక, చేతికి చక్కగా లొంగుతుంది. ఇనుము పాలు ఎక్కువ కాబట్టి కాలాక ఎర్రబడుతుంది. ఆవంలో వేడి మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడికి మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయే గాని, కరిగి కలిసిపోవు. గోడ నిండా కంటికి కనపడని ఖాళీలు మిగిలిపోతాయి. ఎంత మిగిలాయో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కాలిన ముక్కను పొడిగా తూచి, రెండు గంటలు నీళ్లలో ఉడికించి, రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేయండి. పొద్దున పైతడి తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 228 గ్రాములైతే 14 శాతం నీళ్లు తాగినట్టు. బాగా కాలిన స్టోన్‌వేర్ ముక్క ఇదే పరీక్షలో 204 దగ్గర ఆగుతుంది, అంటే 2 శాతం. మట్టి ఏదైనా, బట్టీ ఎవరిదైనా నేను ముందు చూసేది ఈ అంకెనే.

బోన్సాయ్ పుస్తకాలు స్టోన్‌వేరే వాడమనడానికి ప్రధాన కారణం మంచు. నీళ్లు తాగిన గోడలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బితే కుండీ పగులుతుంది. జపాన్‌లో అది నిజమైన భయం. మనకు లంబసింగి లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప ఆ బాధ లేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో చెరువు మట్టిని పక్కన పెట్టేయడం సరికాదు. మన దగ్గర కుండీని తినేసేవి వేరు: ఉప్పు, ఎండ.

బోరు నీళ్లు పోసే కుండీని ఒక వేసవి తర్వాత దగ్గరగా చూడండి. అంచుకు కొంచెం కింద తెల్లటి చార కడుతుంది. వేలితో రాస్తే పిండిలా రాలుతుంది. లోపలి తడి గోడగుండా బయటికొచ్చి ఆరిపోతుంది, అందులోని ఉప్పులు మాత్రం గోడలోనే గట్టిపడతాయి. అవి పెరిగేకొద్దీ పైపొరను నెట్టేసి పెచ్చులు లేపుతాయి. మట్టిలో సున్నపురాయి నలుసులు ఉంటే ఇంకో తంటా. అవి ఆవంలో కాలి సున్నమవుతాయి. కుండీ ఇంటికొచ్చాక గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతాయి. ఒక రోజు గోడ మీద బిళ్లంత పెచ్చు ఊడి, ఆ గుంట మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. దీనికి మందు ఒక్కటే: మట్టిని పలచగా కలిపి సన్న జల్లెడలో వడగట్టడం.

ఎండ సంగతి రెండు వైపులా ఉంది. గోడలోంచి నీరు ఆవిరవుతుంటే వేళ్లకు చల్లగా ఉంటుంది, అది మేలే. కానీ రెండంగుళాల లోతు ట్రే మే నెలలో మధ్యాహ్నానికల్లా ఎండిపోతుంది. పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లకు ఇది నిజంగా టెన్షన్. అందుకే చెరువు మట్టిని నేను లోతైన పెంపకపు కుండీలకు వాడమంటాను. కాండం లావెక్కాల్సిన చింత మొక్కకు, తడి నిలిస్తే కుళ్లిపోయే అడీనియంకు, జేడ్‌కు అది చక్కగా సరిపోతుంది. లోతు తక్కువ ట్రేలకు మాత్రం వద్దు. మర్రి, జువ్వి వేళ్ల ఒత్తిడికి ఆ గోడ ఎక్కువ కాలం ఆగదు.

ఇక స్టోన్‌వేర్. దీనికి కావలసిన సరుకు మన నేలలోనూ ఉంది. ద్వారకా తిరుమల ప్రాంతంలో బాల్ క్లే అనే మెత్తటి బంకమట్టి, గూడూరు వైపు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాళ్లు దొరుకుతాయి. అయినా కొత్తవాళ్లు తయారు మట్టి కొనుక్కోవడమే నయం. పైవేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి రేణువుల సందులన్నీ నింపేస్తుంది. గోడ రాయిలా గట్టిపడేది అందుకే, ఉప్పు దాన్ని దాటలేనిదీ అందుకే.

ఆ గట్టిదనానికి చెల్లించే మూల్యం కుంచించుకుపోవడం. పచ్చి మట్టి నుంచి పూర్తి కాల్పు దాకా 12 శాతం తగ్గే మట్టితో 30 సెంటీమీటర్ల కుండీ కావాలంటే 34 సెంటీమీటర్లు చేయాలి. మీ మట్టి ఎంత తగ్గుతుందో తెలియాలంటే పచ్చి పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చి కొలవండి. గుండ్రటి కుండీ తగ్గినా ఆకారం చెడదు. బోన్సాయ్‌కి ఎక్కువగా వాడే పలకల కుండీతోనే చిక్కు: పొడవు గోడలు లోపలికి వంగుతాయి, మూలలు విచ్చుకుంటాయి, అడుగు మధ్యలో లేస్తుంది. కాల్చిన మట్టిని నలగ్గొట్టిన గ్రాగ్‌ను ఐదో వంతు దాకా కలిపితే ఇది బాగా తగ్గుతుంది. ఆరబెట్టేటప్పుడు అడుగున కాగితం పరిస్తే కుండీ నేలకు అంటుకోకుండా తగ్గుతుంది. పెద్ద ట్రేలకైతే అదే మట్టితో పలుచటి పలక చేసి, దాని మీదే పెట్టి కాల్చాలి. రెండూ కలిసి తగ్గుతాయి, కుండీ కాళ్లు ఈడ్చుకుపోవు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఆ చుట్టుపక్కల ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొందరపడకూడదు.

కరెంటు బట్టీయా, గ్యాస్ బట్టీయా అంటే, అందం గ్యాస్‌దే. గాలి తగ్గించి కాల్చే రిడక్షన్‌లో మట్టిలోని ఇనుము గోధుమ రంగు చుక్కలుగా పైకి తేలుతుంది, పూత లేని గోడకు కూడా లోతు వస్తుంది. కరెంటు బట్టీలో అదే మట్టి చప్పగా, లేత గోధుమ రంగులో వస్తుంది. కానీ గ్యాస్ బట్టీ నడపడం నేర్చుకున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ చాలామందికి అలాంటి చోటైంది. ఇంటి దగ్గర నేర్చుకునేవారికి నా ఓటు కరెంటు బట్టీకే. ఎవరి స్టూడియోలోనైనా అద్దెకు షెల్ఫ్ తీసుకున్నా చాలు. ప్రతిసారీ ఒకేలా కాలుతుంది కాబట్టి, తేడా వస్తే అది మట్టిదో పూతదో తెలుస్తుంది.

ఇప్పుడు పూత. మొదటి ఎంపిక అసలు వేయాలా వద్దా అన్నది. చైనాలో యీషింగ్, జపాన్‌లో తొకోనామె పేరు తెచ్చుకున్నది పూత లేని ఇనుపమట్టి కుండీలతోనే. ఆకు రాల్చని గంభీరమైన చెట్లకు పూత లేనివి, పూలకూ పండ్లకూ గ్లేజు వేసినవి వాడడం అక్కడి ఆనవాయితీ. వేసినా బయటి గోడకూ అంచుకే, లోపల వేయరు. అందుకే చెరువు మట్టి కుండీకి గ్లేజు వద్దంటాను. లోపలి నుంచి నీరు గోడలోకి చేరి పూత వెనక చిక్కుకుంటుంది. ఉప్పు అక్కడే పేరుకుని పూతను పొలుసుల్లా ఊడగొడుతుంది. తక్కువ వేడికి కరిగే పాతకాలపు పూతల్లో సీసం ఉండేది, ఆ జోలికి అసలే పోవద్దు.

స్టోన్‌వేర్ మీదైతే దారి తెరుచుకుంటుంది. 1280 డిగ్రీల పైన కాల్చేవారికి అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ 30, సుద్ద 20, చైనా క్లే (తెల్లమట్టి) 10. దానికి ఒకటి రెండు శాతం ఐరన్ ఆక్సైడ్ (ఇనుప తుప్పు పొడి) కలిపి రిడక్షన్‌లో కాలిస్తే లేత ఆకుపచ్చ, ఎనిమిది పది శాతం కలిపితే నల్లటి గోధుమ. కట్టె బూడిదలో సున్నం, వరి ఊక బూడిదలో సిలికా పుష్కలం. ఈ రెంటినీ ఫెల్డ్‌స్పార్‌తో ఇంచుమించు సమపాళ్లలో కలిపితే పాల మీగడ లాంటి తెలుపు వస్తుంది, జపాన్‌వాళ్లు దాన్ని నుకా అంటారు. రైస్ మిల్లు పక్కన ఉన్నవాళ్లకు ఊక బూడిదకు కొదవేముంది!

నాకు అన్నిటికన్నా నచ్చింది చెరువు మట్టినే పూతగా వాడడం. కుండీగా 1250 దాటితే వంగి ఉబ్బిపోయే ఎర్రమట్టి, స్టోన్‌వేర్ గోడ మీద పలచగా ఉంటే కరిగి నిగనిగలాడే గోధుమ రంగు గ్లేజు అవుతుంది. 1220కే కాల్చేవాళ్లు ఐదో వంతు బోరాన్ ఫ్రిట్ (తక్కువ వేడికే కరిగే గాజు పొడి) కలిపి మొదలుపెట్టవచ్చు. పచ్చిమట్టి మొత్తం వేస్తే ఆరేటప్పుడు బీటలు వారి ఊడుతుంది. అందుకే సగం మట్టిని పొడిగా గిన్నెలో పోసి, పూతకు ముందు కుండీలను తక్కువ వేడిలో కాల్చే మొదటి కాల్పులో కాల్చి, మళ్లీ కలపాలి. ఊరు మారితే మట్టి మారుతుంది, రంగూ మారుతుంది. నిలువుగా నిలబడే చిన్న పలకల మీద ముందు ప్రయత్నించండి, పూత ఎంత జారుతుందో అప్పుడే తెలుస్తుంది. పొడులు కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది.

ఇలా చూస్తే, ఒక్క దారే ఎంచుకోమంటే నేను గ్రాగ్ కలిపిన స్టోన్‌వేర్, కరెంటు బట్టీ, 1220 డిగ్రీలు అంటాను. మర్రికీ రావికీ పూత లేకుండా, కాలే ముందు ఐరన్ ఆక్సైడ్ నీళ్లు పూసి తుడిచిన ముదురు గోడ. చింతకు చెరువు మట్టి గ్లేజు, ఆ సన్నని ఆకు దాని మీద బాగా తేలుతుంది. గులాబీ రంగు బోగన్‌విలియాకు బూడిద రంగు కలిసిన నీలం, పూతలో అర శాతం కోబాల్ట్ చాలు. పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, లోతు కాండం మందమంత. అడుగున నీరు పోయే రంధ్రాలతో పాటు తీగ కట్టడానికి చిన్న రంధ్రాలు కూడా పచ్చిగా ఉన్నప్పుడే పెట్టేయండి.