కంఠస్థం చేసిన స్క్రిప్టు, అందులో లేని ఎడమ వైపు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా కోపమంతా ఒక్క వాక్యం మీద. "ఎడమ వైపు కూడా ఇదే విధంగా చేయించాలి." యోగా శిక్షకుల కోర్సులో మాకు ఇచ్చిన బోధనా స్క్రిప్టులో పక్కకు వంగే ప్రతి ఆసనం చివరా, ఒంటికాలి మీద నిలబడే ప్రతి ఆసనం చివరా ఈ వాక్యం ఉండేది. కుడి వైపుకు పన్నెండు పదిహేను పంక్తులు, ఎడమ వైపుకు ఈ ఒక్క పంక్తి. తింటున్నా, నడుస్తున్నా ఆ కాగితాలనే నాలుగు వారాల పాటు వల్లె వేశాను. నాలుగేళ్లుగా వాటి ఆధారంతోనే తరగతులు చెబుతున్నాను. అవి నాకు చేసిన మేలు చిన్నది కాదు, అదీ చెబుతాను. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

మా కోర్సు 200 గంటలది. అందులో ఏమేమి ఉంటాయన్న జాబితా వదిలేస్తున్నాను. 200 గంటలను నాలుగు వారాల్లో కుదిస్తే కుదురుగా కూర్చుని కంఠస్థం చేయడానికి మిగిలేది రాత్రి భోజనానికీ నిద్రకూ నడుమ ఉన్న కాస్త సమయమే. అప్పటికి ఒళ్లు అలసిపోయి ఉంటుంది, తలలో కండరాల పేర్లు తిరుగుతుంటాయి. ఆ స్థితిలో గంటసేపు సాగే తరగతి మొత్తాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. "ఒక్క మాట కూడా మార్చవద్దు, మార్చే అర్హత తర్వాత వస్తుంది" అనేవారు మా శిక్షకులు.

ముందుగా మేలు. కొత్తగా తరగతి చెప్పేవారికి అన్నిటికంటే పెద్ద భయం, నోరు తెరిస్తే మాట వస్తుందా రాదా అన్నది. స్క్రిప్టు ఆ భయాన్ని తీసేసింది. మొదటి తరగతి రోజున నా చేతులు చల్లబడిపోయాయి, గొంతు మాత్రం వణకలేదు. "రెండు పాదాలూ దగ్గరగా ఉంచి నిటారుగా నిలబడండి" అనగానే వెనకాల ఉన్న వాక్యాలన్నీ వరుసకట్టి వచ్చేశాయి. నోరు తన పని తాను చేసుకుపోతుంటే కళ్లకు తీరిక దొరుకుతుంది. వీరభద్రాసనంలో ఎవరి ముందు మోకాలు లోపలికి ఒరిగిపోతోందో, భుజంగాసనంలో ఎవరి భుజాలు చెవులను తాకుతున్నాయో నేను మొదటి నెలలోనే చూడగలిగాను.

కంఠస్థం చేసిన తీరు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మొదటి వారమంతా నేను వృథా చేసుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని ఒకే పేజీని ఇరవైసార్లు చదివేదాన్ని. పడుకునేటప్పటికి అంతా వచ్చేసినట్టే ఉండేది, తెల్లారేసరికి సగం ఉండేది కాదు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కనిపించింది కూడా ఇదే. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ సాధన చేసినవారే ముందున్నారు. రెండో వారం నుంచి కాగితం మూసేసి, తప్పులతోనే సరే, పైకి చెప్పడం మొదలుపెట్టాను. దానికి తోడు నాతో చదివిన ఒకామె క్రమపాఠం పద్ధతి చూపించింది. వేదం నేర్చేవారు ఒకటో పదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని నాలుగోదానితో జతకట్టి వల్లిస్తారు కదా, మేము పదాల బదులు వాక్యాలను అలా జతకట్టాం. వాక్యం లోపల మనం తడబడేది తక్కువ. ఒక వాక్యం ముగిసి మరొకటి అందుకునే చోటే జారిపోతాం. ఆ అతుకులు గట్టిపడ్డాక మొత్తం పాఠం ఒక దారంలా వచ్చింది.

అయితే ఆ దారానికి ఒకటే కొస. అది నాకు ఒంటరిగా తరగతి చెప్పడం మొదలుపెట్టిన రెండో వారంలో తెలిసింది.

ఆ రోజు పద్దెనిమిది మంది ఉన్నారు. త్రికోణాసనం, అంటే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి పక్కకు వంగే ఆసనం. కుడి వైపు ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. పైకి లేచారు, పాదాలు మధ్యకు తిప్పారు. నేను వారికి ఎదురుగా నిలబడి అద్దంలో బింబంలా చూపిస్తున్నాను, అంటే నోరు "కుడి" అంటే నా ఎడమ చెయ్యి కదలాలి. ఇప్పుడు రెండో వైపు కాబట్టి నోరు "ఎడమ" అనాలి, నా కుడి చెయ్యి కదలాలి. "ఎడమ పాదాన్ని బయటికి తిప్పండి" అన్నాను. సరిగ్గానే అన్నాను. "చేతులు భుజాల ఎత్తుకు చాచండి." అందులో కుడీ ఎడమా లేవు, గండం గడిచింది. ఆ తర్వాతి వాక్యం వచ్చేసరికి నోరు తనకు అలవాటైన గాడిలో పడిపోయింది. "ఊపిరి వదులుతూ, తుంటి దగ్గర నుంచి కుడి వైపుకు వంగండి."

సగం మంది నా మాట విన్నారు, సగం మంది నా చేతిని చూశారు. ఎడమ పాదం బయటికి తిరిగి ఉండగానే కొందరు కుడి వైపుకు వంగారు. రెండో వరుసలో ఉన్న ఒక పెద్దాయన మధ్యలో ఆగిపోయి, "ఎటు వంగాలి మేడమ్?" అని అడిగారు. "ఎడమకు, ఎడమకు" అన్నాను. ఆ రెండు మాటలూ స్క్రిప్టులో లేవు. వాటిని అన్న మరుక్షణం తర్వాతి వాక్యం మాయమైపోయింది. ఎంత వెదికినా లేదు. నాకు దొరుకుతున్నది ఆసనం మొదటి వాక్యం ఒక్కటే. మనసులో అక్కడి నుంచి మొదలుపెట్టి, కుడి వైపు మొత్తం గబగబా చెప్పుకుంటూ, ఒక్కో మాటనూ తిరగేసుకుంటూ, ఆగిపోయిన చోటికి రావాలి. ఆ లోపల పద్దెనిమిది మంది వంగి ఉన్నారు. మొదటి వరుసలో ఒకమ్మాయి తొడ వణకడం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె నా ముఖం కేసి చూస్తోంది. చివరికి నేను చెప్పగలిగింది, "నెమ్మదిగా పైకి రండి" అని మాత్రమే.

తరగతి ముగిశాక ఆ పెద్దాయన చాప చుట్టుకుంటూ నా దగ్గరకు వచ్చి, "మోకాలు కాస్త మెలిపడినట్టు అనిపించింది, ఫరవాలేదు లెండి" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాదం ఒక వైపుకు తిరిగి, మొండెం మరో వైపుకు వంగితే ఆ బరువు పడేది ఎక్కడో మాకు శరీర నిర్మాణ పాఠంలో చెప్పారు. తెలిసి కూడా నేను మనుషులను ఆ భంగిమలో నిలబెట్టాను.

ఇంటికి వచ్చి స్క్రిప్టు తీసి చూసుకున్నాను. త్రికోణాసనం కుడి వైపు పాఠంలో కుడి, ఎడమ అనే మాటలు తొమ్మిదిసార్లు ఉన్నాయి. ఆ తొమ్మిదింటినీ నేను తరగతి నడుస్తుండగా, ఎదురుగా బింబంలా కదులుతూ, అప్పటికప్పుడు తిరగేయాలి. కంఠస్థం ఎందుకు చేయించారు? తరగతిలో ఆలోచించే భారం తగ్గించడానికి. మరి ఆ భారమంతా తీసుకొచ్చి రెండో వైపు మీదే కుమ్మరించారు. తరగతిలో సగం సేపు మనం ఉండేది రెండో వైపే కదా! స్క్రిప్టు రాసినవారికి అది కాగితం ఆదా అనిపించి ఉంటుంది. "ఎడమ వైపు కూడా ఇదే విధంగా" అనే ఆ వాక్యం ఉన్న ఏ పాఠమైనా నా దృష్టిలో సగం పాఠమే.

తర్వాత మూడు నెలలు నేను చేసిన పని ఇది. ప్రతి ఆసనానికీ ఎడమ వైపు పాఠాన్ని పూర్తిగా, చేత్తో, వేరే కాగితం మీద రాశాను. కుడిని పక్కన పెట్టి ఎడమనే ముందుగా వల్లె వేశాను. అది నిలబడ్డాక మాటలనే మార్చాను. ఏ వైపో మొదట ఒక్కసారి చెప్పడం, ఆపైన "ముందు కాలు, వెనుక కాలు", "పై చెయ్యి, కింది చెయ్యి". వృక్షాసనంలో "నిలబడిన కాలు, ఎత్తిన కాలు". ఇలా చెబితే మొదటి పంక్తి తప్ప తక్కిన పాఠమంతా రెండు వైపులకూ ఒక్కటే. తొమ్మిదిసార్లు తడబడే అవకాశం ఒక్కదానికి తగ్గింది. ఇక తెగిన దారాన్ని మధ్యలో అందుకోవడానికి, ప్రతి వాక్యం మొదటి మాటను చీటీల మీద రాసి, చేతికి వచ్చిన చీటీ దగ్గర నుంచి మొదలుపెట్టి చివరి వరకు చెప్పడం అలవాటు చేసుకున్నాను. కోర్సులో ఇది ఒక్క రోజు చేయించి ఉంటే ఆ త్రికోణాసనం నాకు జరిగేది కాదు.

మాటలు మార్చే పనిలో పడ్డాకే మరొక సంగతి గమనించాను. మా స్క్రిప్టులో వాక్యాలు చాలా పొడుగు. "ఊపిరి పీలుస్తూ, రెండు చేతులనూ శరీరానికి ఇరువైపుల నుంచి, మోచేతులు వంగకుండా, అరచేతులు పైకి చూసేలా, నెమ్మదిగా తల మీదికి ఎత్తండి." తెలుగులో క్రియ చివర వస్తుంది. "ఎత్తండి" అనే మాట వినిపించేసరికి ఎదుటివారి ఊపిరి పీల్చడం అయిపోతుంది. ఛాతీ నిండిపోయి, చేతులు మాత్రం కిందనే వేలాడుతూ, ఏం చేయాలో అని నా నోటి కేసి చూస్తుంటారు. ఇప్పుడు నేను, "ఊపిరి పీలుస్తూ చేతులు ఎత్తండి. మోచేతులు నిటారుగా. అరచేతులు పైకి" అంటున్నాను. చేతులు మాటతో పాటే లేస్తున్నాయి. ఇంత చిన్న మార్పు నా నోటికి పట్టడానికి రెండు నెలలు పట్టింది. కంఠతా వచ్చినదాన్ని మార్చడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

పైన కళ్లకు తీరిక దొరుకుతుందని రాశాను. అది నిజమే, కానీ మొదటి ఏడాదిలో ఆ తీరిక నాకు పూర్తిగా ఉపయోగపడలేదు. ఒరిగిపోతున్న మోకాలు కనిపించేది, దాని గురించి చెప్పడానికి స్క్రిప్టులో చోటు ఉండేది కాదు. నడుస్తున్న వాక్యం ముగించేలోగా ఆ మనిషి ఆసనం నుంచి బయటికి వచ్చేసేవారు. చూడగలగడం ఒకటి, చూసినదాన్ని సమయానికి అనగలగడం మరొకటి. రెండోది చీటీల సాధన తర్వాతే వచ్చింది. గొంతు వణకకపోవడం గురించి కూడా అంతే. చాలాకాలంగా వస్తున్న ఒకావిడ, "మీరు చెప్పకముందే తర్వాతి మాట నాకు వచ్చేస్తుంది" అంటే పొంగిపోయాను. కొన్నాళ్లకు చూస్తే ఆమె నా మాటకు ముందే కదులుతోంది, తన ఊపిరిని కూడా దాటిపోయి. రోజూ అవే మాటలు అదే వరుసలో వింటే చెవి మూసుకుపోతుంది.

ఒక్క చోట మాత్రం, కోర్సులో ఇచ్చిన పాఠాన్ని నేను అక్షరం కూడా మార్చలేదు. శవాసనం. దానికి రెండో వైపు లేదు. ఎవరి మోకాలూ చూడనక్కర లేదు. కిందటేడాది ఆసుపత్రిలో రాత్రంతా మా అమ్మ పక్కన కూర్చుని, తెల్లారి నేరుగా తరగతికి వెళ్లాల్సి వచ్చింది. తలలో ఏమీ లేదు. "కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ వదిలేయండి" అని నా నోరే చెప్పుకుంటూ పోయింది. వింటున్నవారిలో నేనూ ఒకదాన్నయ్యాను. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు, తొడలు, ఆ వరుసలో నా దవడ బిగువు వదిలింది. నాలుగు వారాలు వల్లె వేసిన శ్రమకు ఆ పది నిమిషాలు చాలు అనిపించింది.

ఇతరులకు సిఫారసు చేస్తానా? నలుగురి ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేక, కోర్సు ముగిసిన వెంటనే తరగతి చెప్పాల్సినవారైతే చేస్తాను, ఎడమ వైపు రాసుకున్నాకే మొదలుపెట్టమని చెబుతాను. నా సంగతి వేరు అని కూడా చెప్పాలి. నాకు చదివింది కంటే విన్నది నిలుస్తుంది, నేను చెప్పేది రోజుకు ఒక తరగతి, వచ్చేవారిలో ఎక్కువమంది కొత్తవారు, ఆసనాల వరుస పెద్దగా మారదు. నాకు క్రమపాఠం చూపించినామె అంతకుముందు పదేళ్లు బడిలో పాఠాలు చెప్పింది. ఆమె ఆసనాల వరుస, ఒక్కోదానికి రెండు ముఖ్యమైన సూచనలు తప్ప మరేమీ కంఠస్థం చేయలేదు, పరీక్షలో మార్కులు పోయినా. ఆమె తరగతికి నేను వెళ్లాను. త్రికోణాసనం మొదట ఎడమ వైపు చేయించింది.