అవుట్‌బోర్డు మోటారున్న బోటువాళ్లు జాగ్రత్త: తప్పు పెట్రోలు పైపుది, బిల్లు కార్బరేటర్‌కి

సముద్రంలో చేపల వేట నిషేధం అయ్యాక మోటార్లు దించుకుంటున్న కాకినాడ, ఉప్పాడ వైపు అన్నలూ తమ్ముళ్లూ, డబ్బులు పెట్టేముందు ఇది చదవండి. డూప్లికేటు పెట్రోలు పైపుని కంపెనీ డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. దానివల్ల మోటారు మొరాయిస్తే "కార్బరేటర్ పోయింది" (గాలీ పెట్రోలూ కలిపి మోటారుకి అందించే భాగం) అని మళ్లీ మన దగ్గరే గుంజుతున్నారు. ఇది మా ఇంట్లోనే జరిగింది.

మా అన్నయ్యది ఫైబర్ బోటు, వెనక తగిలించే టూ స్ట్రోక్ పెట్రోలు మోటారు, అదే అవుట్‌బోర్డు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది కదా, ఎండకి పాత పైపు బీటలు వారింది. వేట మొదలయ్యేముందు పేరున్న ఒక స్పేర్ పార్టుల షాపులో పైపు, పెట్రోలుని మోటారు వైపు తోయడానికి చేత్తో నొక్కే రబ్బరు బల్బు, కనెక్టర్లు అన్నీ కలిపి సెట్టు కొన్నాం. ఒరిజినలేనా అని గట్టిగా అడిగాం. ఒరిజినలే అన్నారు, ఒరిజినల్ రేటే తీసుకున్నారు.

తాడు ఒక్క లాగుకే మోటారు అందుకుంది. స్లోలో చక్కగా తిరిగింది. కెరటాలు దాటి ఫుల్ రేజు ఇచ్చాక కాసేపటికి స్పీడు దానంతటదే తగ్గిపోయి, దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోయింది. బల్బు నొక్కితే మళ్లీ లేచేది. నొక్కడం ఆపితే మళ్లీ అదే వరస. ఒక మనిషి బల్బు నొక్కుతూ కూర్చుంటే, ఇంకో మనిషి హ్యాండిల్ పట్టుకుని ఎలాగో ఒడ్డుకి తెచ్చారు. ఆ పూట గాలి తక్కువగా ఉంది కాబట్టి సరిపోయింది. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర, పోటు మీద మోటారు అలా ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అదే షాపు మెకానిక్ మోటారు విప్పి కార్బరేటర్ కిట్టు మార్చాలన్నాడు, మార్చాం. ట్రబుల్ పోలేదు. పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ (పలచటి పొర) అన్నాడు, అదీ మార్చాం. ఆఖరికి పిస్టన్ అరిగింది, బోరు చేయించాలి (సిలిండరుని లోపల చెక్కించాలి) అన్నాడు. ప్రతిసారీ నీళ్ల డ్రమ్ములో మోటారు పెట్టి తిప్పి "చూడండి, బంగారంలా ఉంది" అని పంపేవాడు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. డ్రమ్ములో మోటారుకి లోడు ఉండదు, పెట్రోలు కొంచెమే తాగుతుంది. పైపు సగం మూసుకుపోయినా ఆ కొంచెం వచ్చేస్తుంది. మనుషులు, వలలు ఎక్కించుకుని ఫుల్ రేజులో పోయినప్పుడే తేడా బయటపడుతుంది. కాబట్టి డ్రమ్ములో తిరిగింది అన్న మాట మీద రిపేరు డబ్బులు పూర్తిగా ఇవ్వొద్దు. నీళ్లలో, లోడు మీద నడిపి చూశాకే ఇవ్వండి.

బోరు దాకా వెళ్లకముందు మేం చేసింది ఒకటే. పక్క బోటు బాబాయిది కూడా అదే మోటారు. ఆయన ట్యాంకు, పైపు అడిగి తెచ్చి మా మోటారుకి తగిలించాం. కెరటాల అవతలికి తీసుకెళ్లి ఫుల్‌గా నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత ఆయన ట్యాంకుకే మా పైపు పెట్టాం. మళ్లీ దగ్గు మొదలు. అంటే మోటారు బాగానే ఉంది, పైపే దొంగ.

ఆ పైపుని బ్లేడుతో నిలువునా చీల్చి చూశాం. పైన నల్లగా, గట్టిగా, కొత్తదానిలా ఉంది. లోపలి పలచటి పొర మాత్రం గోడ నుంచి ఊడిపోయి, ముడతలు పడి, పాము కుబుసంలా మధ్యలోకి వేలాడుతోంది. మోటారు గట్టిగా లాగినప్పుడు ఆ పొర ముడుచుకుని దారి మూసేస్తుంది. బల్బు నొక్కితే ఆ ఒత్తిడికి మళ్లీ తెరుచుకుంటుంది.

ఇలా ఎందుకు ఊడుతుందంటే, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మామూలు రబ్బరుని అది ఉబ్బించేస్తుంది. చాలా అవుట్‌బోర్డు మోటార్ల మాన్యువళ్లలో ఇథనాల్ 10 శాతం దాటొద్దని రాసి ఉంటుంది. మనకి దొరికేది ఇదే కాబట్టి, పైపు విషయంలో అస్సలు రాజీ పడకూడదు. బోట్ల కోసం చేసిన పైపు మీద పొడుగునా అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఎస్‌ఏఈ జే1527 (బోట్ల పెట్రోలు పైపుల ప్రమాణం) అనీ, బీ1 లాంటి రకం పేరూ, తయారైన సంవత్సరమూ వెతకండి. మాకు ఇచ్చిన పైపు మీద ఒక్క అక్షరం లేదు. డబ్బా మీద బొమ్మ చూసి నమ్మొద్దు, పైపు మీద అచ్చు చూసి కొనండి.

టూ స్ట్రోక్ వాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాం. పెట్రోలు 50 పాళ్లకి ఆయిలు 1 పాలు చొప్పున కలిపే మోటారైతే లీటరుకి 20 మిల్లీలీటర్లు. పెట్రోలు సరిగా అందకపోతే ఆయిలూ అందదు. అప్పుడు పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. బల్బు నొక్కుతూ రోజులు నెట్టుకొస్తే మెకానిక్ చెప్పిన బోరు పని నిజంగానే వచ్చి పడుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే పరవాలేదు. తెల్లగా మాడినట్టు ఉంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, ఆ మోటారుతో సముద్రం మీదకి వెళ్లొద్దు.

మోటారు ఎవరికైనా అప్పజెప్పేముందు ఒడ్డు మీదే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ముందు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా లేదా చూడండి. అది బిగించి ఉంటే ఎంత ఒరిజినల్ పైపైనా పెట్రోలు రాదు. నడుస్తుండగా బల్బు లోపలికి పీల్చుకుపోయి చప్పబడితే, అడ్డం ట్యాంకు వైపు ఉన్నట్టు: గాలి స్క్రూ, ట్యాంకులోని జాలీ, ట్యాంకుకీ బల్బుకీ మధ్య పైపు. ఎంత నొక్కినా బల్బు గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బులో వాల్వు పోయింది. కనెక్టర్లలో చిన్న రబ్బరు రింగులు ఉంటాయి, ఎక్కువసార్లు అవే కారణం. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి, నొక్కేటప్పుడు ఆ బాణం పైకి ఉండేలా పట్టుకుని నొక్కాలి.

ట్యాంకు అడుగు పెట్రోలు కొంచెం గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరలా కనబడితే నీళ్లు దిగినట్టే. ఇథనాల్ నీటిని పట్టుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరుతుంది. మోటారు లాగేది అడుగు నుంచే, ఆ నీళ్లలో ఆయిలు దాదాపు ఉండదు. అలాంటి పెట్రోలుని కొత్త పెట్రోలుతో కలిపి వాడేయమని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు.

ఇవన్నీ బాగుండి, వేరే ట్యాంకు, పైపు పెట్టినా ఆగిపోతుంటే అప్పుడు కార్బరేటర్, పంపు అనుమానించాలి. స్లోలో నిలబడక, రేజులో బాగుంటే కార్బరేటర్‌లోని చిన్న జెట్టు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం). స్లోలో బాగుండి రేజు అందుకోకపోతే పెద్ద జెట్టు లేదా పంపు. మార్చిన పాత పార్టులు మీ చేతికి ఇవ్వమని ముందే చెప్పండి.

చీల్చిన పైపు పట్టుకుని షాపుకి వెళ్తే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చు చూపించారు. ఆ మాట చెల్లదు. లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బోటు వ్యాపారం కిందకి వస్తుంది, మీకు ఈ చట్టం వర్తించదు అని కూడా బెదిరించారు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న సరుకైతే మనమూ వినియోగదారులమే అని అదే చట్టంలో ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మీకూ ఇలా జరిగితే బిల్లు, డబ్బా, పైపు ముక్క మూడూ పారేయకుండా దాచండి. పైపు చీల్చేటప్పుడు ఫోనులో వీడియో తీయండి, ఆ వీడియోలో పైపు బయట అచ్చు లేదన్నది కూడా కనబడాలి.