24 టేబుళ్లన్నాడు, లోపల ఉన్నది ఒక్కటే

విశాఖ జగదాంబ జంక్షన్ వైపు పిన్‌బాల్ హ్యాండ్‌హెల్డ్ (చేత్తో పట్టుకుని ఆడే చిన్న గేమ్ మెషిన్) కొనడానికి వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పిన్‌బాల్ అంటే వాలు బల్ల మీద దొర్లే బంతిని కింద పడిపోకుండా బటన్లతో కొడుతూ ఆడే ఆట, ఆ బల్లనే టేబుల్ అంటారు. పోయిన ఆదివారం 2,800 పోసి ఒకటి తెచ్చుకున్నాను. డబ్బా మీద "24 నిజమైన పిన్‌బాల్ టేబుళ్లు" అని ఉంది. షాపు పేరు రాయను. అవే డబ్బాలు పక్క కొట్లలోనూ చూశాను.

నాకీ పిచ్చి షిప్పు ఉద్యోగంలో అంటుకుంది. పోర్టులో దిగితే చాలు, నావికుల క్లబ్బులో ఆడమ్స్ ఫ్యామిలీ టేబుల్ ముందు నిలబడేవాణ్ణి. 1992 నాటి బ్యాలీ వాళ్ల టేబుల్, ఇరవై వేలకు పైగా అమ్ముడైంది. పెట్టెలోంచి ఒక చెయ్యి లేచి బంతిని పట్టుకుపోతుంది. పలక కింద అయస్కాంతాలు బంతి దారి మళ్లిస్తాయి. డబ్బా మీద ఆ పేరు చూడగానే ఇంకేమీ ఆలోచించలేదు.

ఇంటికొచ్చి చూస్తే చెయ్యీ లేదు, అయస్కాంతమూ లేదు. సర్లే అని బ్లాక్ నైట్ తెరిచా. విలియమ్స్ వాళ్ల 1980 టేబుల్‌లో పైన ఇంకో అంతస్తు ఉంటుంది. ఇందులో లేదు. ఫన్‌హౌస్‌లో మాట్లాడే రూడీ తలను ఉత్త బొమ్మగా వెనక అతికించారు. అసలు మోసం పట్టింది మా మేనల్లుడు. "మావయ్యా, రంగులే మారాయి, అన్నీ ఒకటే కదా!" అన్నాడు. కాగితం మీద గీసి చూశాను. బంపర్లు (బంతి తగిలితే ఎగరగొట్టే గుబ్బలు), సందులు అన్నీ ఒకే చోట. ఒకే టేబుల్‌కి 24 చొక్కాలు తొడిగారు.

అంతకన్నా ఒళ్లు మండించింది బంతి. అసలు బంతి దాదాపు 80 గ్రాముల ఉక్కు, ఆరున్నర డిగ్రీల వాలు మీద దొర్లుతుంది. ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే రెక్క) ఎత్తి పట్టుకుంటే దాని మీద ఒదిగి ఆగాలి. ఇక్కడ బుడగలా తేలుతోంది. పైగా ఎడమ బటన్ నొక్కితే రెండు ఫ్లిప్పర్లూ లేస్తాయి!

మర్నాడు తీసుకెళ్తే "చిన్న తెర కదా సార్" అన్నాడు కొట్లో కుర్రాడు. చిన్న తెర సాకు నా దగ్గరా? 2008లో సోనీ వాళ్ల చేతి గేమ్ మెషిన్ పీఎస్‌పీకి వచ్చిన విలియమ్స్ కలెక్షన్ గేమ్‌లో ఇదే బ్లాక్ నైట్ రెండంతస్తులతో ఆడినవాణ్ణి నేను. ఈ టేబుళ్ల పేర్లు వాడుకోవడానికి లైసెన్స్ ఉందా అంటే అతనికి అర్థమే కాలేదు. ది పిన్‌బాల్ ఆర్కేడ్ అనే వీడియో గేమ్ తీసిన ఫార్‌సైట్ కంపెనీ అంతటివాళ్లే లైసెన్స్ పోయాక 2018 జూన్ నెలాఖరుతో విలియమ్స్, బ్యాలీ టేబుళ్ల అమ్మకం ఆపేశారు. "ఏటి సార్, ఆడేశాక రిటర్న్ ఎలా తీసుకుంటాం?" అని చివరికి తేల్చేశాడు.

బిల్లంటూ ఇచ్చింది జీఎస్టీ నంబరు లేని చీటీ ముక్క. యూపీఐ స్క్రీన్‌షాట్ చూపించి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. మీరు కొనాలనుకుంటే కొట్లోనే ఆన్ చేయించి ఎడమ బటన్ ఒక్కటే నొక్కి పట్టండి. కుడి ఫ్లిప్పర్ కూడా లేచిందా, డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేయండి.